గిజిగాడు విప్పి చూపిన ముడి

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నాకు మిగిలిన రెండు పళ్ళూ ఊడిపోవాలి!

పాతాళమంత లోతు బావిలో కుందేలు పిల్ల పడింది. తల్లి ఏడుపుకి అడవిలో వాగులు పొంగాయి. ఉడుత, కోతి, గిజిగాడు తలో తాడు పేనుకొచ్చారు. ఏ ఒక్కటీ అడుగుకి అందలేదు. కలపబోతే, ఒకరి ముడిలో ఇంకొకరి తాడు నిలవలేదు.

"నా ముడి మా వంశం గుట్టు. ఎవరికీ నేర్పను," అంది కోతి.

"నీ గుట్టు నీ దగ్గరే ఉంచుకో, మావా. నాది చూసి వేసెయ్," అంటూ గిజిగాడు తన ముడి విప్పి, అందరికీ కనబడేలా మెల్లగా మళ్ళీ వేశాడు.

కోతి గొణుక్కుంటూనే వేసింది. మూడు తాళ్ళూ ఒక్కటయ్యాయి. పిల్ల తాడు కరుచుకుని పైకొచ్చింది.

"నీ ముడి చల్లగుండ, తమ్ముడూ!" అంది తల్లి.

"నాదేమిటక్కా? ఇప్పుడది అందరిదీ."

మన పెరట్లో గూళ్ళు కట్టినవి ఆ మహానుభావుడి మునిమనవలే. లేచి, వాటికి గుప్పెడు కొర్రలు చల్లిరా, పో.