కుర్చీల బ్యాచి

“రేపు హెల్మెట్ నువ్వేసుకోప్పా తిప్పేషూ. మొగమే కనపడదు కదా! నీలం కోటు తొడిగితే ఆడో మొగో ఎవురికి తెలుస్తాది?”

వెల్డింగ్ శిక్షణ కేంద్రం మేనేజరు దేవేంద్ర, మగవాళ్ల బ్యాచిలో నేర్చుకుంటున్న తిప్పేష్‌తో ఆ మాట అనగానే మల్లీశ్వరికి ఒళ్లు మండింది.

తాడిపత్రి బయట ఉన్న ఆ కేంద్రానికి నిధులిచ్చేది ఒక విదేశీ సంస్థ. నేర్చుకునేవాళ్లలో సగం మంది ఆడవాళ్లే ఉండాలని వాళ్ల షరతు. దేవేంద్ర షరతు తప్పే మనిషి కాదు. సగం మంది ఆడవాళ్లను చేర్చుకున్నాడు, కూర్చోమని కుర్చీలు కూడా వేయించాడు. మెషిన్ మాత్రం ముట్టుకోనివ్వలేదు. మగవాళ్లు వాళ్లకు కుర్చీల బ్యాచి అని పేరు పెట్టేశారు. ఇప్పుడు ఆ సంస్థవాళ్లు ఆడవాళ్లు వెల్డింగ్ చేస్తుంటే కళ్లారా చూస్తామని రేపు వస్తున్నారు.

“నేను చేస్తా సార్,” అంది మల్లీశ్వరి. “అన్నాల వేళ తిప్పేష్ నేర్పినాడు. అడుగు.”

తిప్పేష్ తల వంచుకున్నాడు. వెల్డింగ్ రాడ్లు సర్దే పనిలో పడ్డాడు మహానుభావుడు.

“అతుకు వంకరపోతే నిధులే పోతాయమ్మా. పోయి కుర్చీలో కూచో.”

“రేపు తిప్పేష్ చేసినాడంటే మేం ఎప్పటికీ కుర్చీల్లోనే ఉంటాం సార్. నేను కూచోను.”

“నీ కుర్చీ ఖాళీగా కనపడిందా, పేరు కొట్టేస్తా. యాడికన్నా పో.”

మల్లీశ్వరి విసురుగా వెళ్లిపోయింది.

మర్నాడు కుర్చీలన్నీ నిండాయి. చివరి కుర్చీలో మల్లీశ్వరి పచ్చ చీర చూసి దేవేంద్ర ఊపిరి పీల్చుకున్నాడు. కొంగు ముఖం మీదికి లాగి ఉంది.

“అలిగినావా? అలుగు,” అని నవ్వుకుంటూ ముందుకు పోయాడు.

విదేశీ మేడమ్ వచ్చింది. నీలం కోటులో ఉన్న మనిషి హెల్మెట్ దించి రాడ్ ఆనించగానే రవ్వలు లేచాయి. రెండు ఇనప పట్టీలు చక్కగా అతుక్కున్నాయి. మేడమ్ చప్పట్లు కొట్టింది. ఆ అమ్మాయి ముఖం చూడాలి, ఫొటో తీసుకుంటాను అంది ఇంగ్లీషులో.

“వేడి మేడమ్... తర్వాత మేడమ్...” అంటూ దేవేంద్ర అడ్డం పోయాడు.

ఆయన్ను పక్కకు నెట్టి హెల్మెట్ పైకెత్తిన మల్లీశ్వరి, చివరి కుర్చీ వైపు తిరిగి అరిచింది: “ఇంక లెయ్ తిప్పేషూ, నా చీర నలిగిపోతాండాది!”