ఇరవయ్యో శాంపిలు

"తాతా, సచ్ సచ్, నిజం చెప్పు. చిన్నప్పుడు ఏం తినేవాడివి?"

"ఏటుంటాది తినడానికి? అంబలి. అదీ ఉన్నపూట."

భాగ్యరేఖ నోటుపుస్తకంలో అంబలి అని రాసి కింద రెండు గీతలు గీసింది. హిందీవాళ్ళ మధ్య, కోహ్కా బస్తీలోని ఆ ఇంటి వరండాలో ఆదివారం పొద్దున్నుంచి ఇదే తంతు. మనవరాలు అడగడం, రామమోహనరావు చెప్పడం.

ఆయన ఉక్కు ప్లాంటులో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. మొన్న జనవరికి ఎనభై నిండాయి. ఇప్పటికీ సైకిలు తొక్కుకుంటూ సుపేలా బజారుకెళ్ళి కూరలు తెస్తాడు. రిటైరైన నాడు తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేకపోతే, రంగేశాడని తోటివాళ్ళు ఏడిపించారట. మెట్రిక్ పాసైనా ఇంగ్లీషు పేపరు మాత్రం మనవరాలు చదివి వినిపించాల్సిందే. అదొక్కటే ఆయన బద్ధకం.

భాగ్యరేఖ ఎమ్మెస్సీ ప్రాజెక్టు ముసలితనం మీద. రిటైరైన ఇరవై మంది రక్తం తీసి ల్యాబుకి పంపింది. ఏళ్ళు గడిచేకొద్దీ మన జన్యువుల మీద పడే గుర్తులు లెక్కపెట్టి వయసు చెప్పే పరీక్ష అది. పందొమ్మిది మందికి ఏడాది, రెండేళ్ళ తేడాతో సరిపోయింది. ఇరవయ్యో శాంపిలు తాతది. ఎనభైకి బదులు డెబ్భై మూడు చూపించింది.

"ఇంకోసారి సూడకపోయావా?"

"మూడుసార్లు చూశాం. అదే డెబ్భై మూడు. మా గైడు ఉదయ్‌కుమార్ సారయితే కుర్చీలోంచి లేచిపోయారు. మీ తాతగారు ముసలితనాన్ని ఎలా ఆపారో రాయగలిగితే పీహెచ్‌డీ సీటు నీదే అన్నారు. రేపే రిపోర్టు ఇవ్వాలి."

ఆ సీటు కోసం రెండేళ్ళుగా ఆమె నిద్ర మానుకుని చదవడం ఆయన చూస్తూనే ఉన్నాడు.

"మీ పుస్తకాలేటంటున్నాయి? మనిషి ఎందుకు ముసిలోడవుతాడంట?"

"ఒకటి, వాడగా వాడగా అరిగిపోతాం."

"ఫర్నేసులో ఇటకలు అరిగినట్టు. మరి నాను అరగలేదేటి?"

"రెండు, పీల్చే గాలే లోపలి కణాల్ని పాడుచేస్తుంది."

"తుప్పు."

"తుప్పే అనుకో. మూడు, కణం ఎన్నిసార్లు చీలాలో ముందే లెక్క ఉంటుంది."

"నుదుటి రాత. దీనికి ఎమ్మెస్సీ ఎందుకమ్మా?"

"అరే, విను తాతా! నాలుగు, పిల్లల్ని కని పెంచేదాకే ప్రకృతికి మనతో పని. తర్వాత రిపేరు చెయ్యడం మానేస్తుంది."

"ఇది మటుకు నిజం."

భాగ్యరేఖకి నవ్వాగలేదు. "నీ కేసు ఐదోది. కొంచెం ఆకలి, కొంచెం వేడి, కొంచెం కష్టం పడ్డ శరీరం గట్టిపడుతుందంట. అంబలి, ఫర్నేసు, బాలు తాత పోయిన దుఃఖం, అన్నీ సరిపోయాయి."

బాలు తాత అంటే హాల్లో గోడమీద ఫోటోలోని మనిషి. నూనూగు మీసాలు, చెవులు కొంచెం పెద్దవి. కామెర్లతో పోయిన తాత తమ్ముడని చిన్నప్పటి నుంచీ వింటోంది. తాత తన పుట్టినరోజున కేకు కోయనివ్వడు. ఆ ఫోటో ముందు దీపం వెలిగించి, పాయసం అక్కడే పెట్టేస్తాడు.

"ఆడు పోయిన వారానికి ప్లాంటు నుంచి ఉద్యోగానికి రమ్మని కాల్ లెటరొచ్చింది," అన్నాడు రామమోహనరావు. "ఏడవడానికి కూడా టైం లేదు. మీ ముత్తవ్వ సంచీ సర్దేసి రైలెక్కించేసింది."

లోపలి మంచం మీంచి ఆయన తోబుట్టువు నూకమ్మ గొంతు వినిపించింది. "ఒరే బాలూ, తిన్నావేట్రా? భాగ్యా, ఆడికి రెండు ముద్దలు పెట్టమ్మా."

"పెడతాను మామ్మా!" అని కేకేసి, భాగ్యరేఖ గొంతు తగ్గించింది. "చూశావా? మీరిద్దరూ ఒక తల్లి పిల్లలే. నీకంటే మూడేళ్ళు చిన్న, అప్పుడే మంచం పట్టింది. నువ్వు సైకిలు తొక్కుతున్నావు. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి రాశాను."

"దాని గురించేటి రాశావు?"

"మతి పోయిందని. అన్నని పట్టుకుని చచ్చిపోయిన తమ్ముడి పేరుతో పిలుస్తుందని."

రామమోహనరావు మొహంలో నవ్వు పోయింది.

"భాగ్యా, నువ్వు రాసిందాంట్లో అబద్ధముందని రేపెవరైనా తేల్చేస్తే?"

"నా పని ఖతమ్. ఇంక నా లెక్క ఎవరూ నమ్మరు. కానీ అబద్ధం ఎక్కడుంది తాతా? మిషను మూడుసార్లు చెప్పింది. రామమోహనరావు పుట్టిన తేదీకి మెట్రిక్ సర్టిఫికెట్టు ఉంది. రెండూ పక్కా."

"రెండూ పక్కాయే," అన్నాడాయన. యాభై ఏడేళ్ళుగా దాచిన మాట. కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు, ఆమె వినకుండానే కన్నుమూసింది. పిల్ల భవిష్యత్తు కంటే తన పరువు ఎక్కువా?

లేచి హాల్లోకి వెళ్ళాడు. ఫోటో దించి, పంచె చెంగుతో అద్దం తుడిచి, తెచ్చి మనవరాలి ఒడిలో పెట్టాడు.

"ముందు మీ మామ్మకి మతి పోయిందన్నది కొట్టెయ్యమ్మా. అది సరిగ్గానే పిలుస్తోంది. నీ మిషనూ సరిగ్గానే సెప్పింది."

"మత్లబ్? అంటే?"

ఆయన ఫోటో మీద వేలు పెట్టాడు.

"మా అన్న రామమోహనరావు ఈయన."