తారు పూసిన ఎలకలు

ఏంబలం ఊరి చేనుగట్లన్నీ తిరిగి మందుకు నేలవేము ఆకు తెచ్చేది నేను. డాక్టరు దొర పారిసుకు రాసే కాగితంలో పేరు మాత్రం నాలుగు ముక్కలు చదివిన వరదరాజులుది. దొర ప్రయోగాల గదిలో ఎలకల వీపుల మీద తారు పూసి పూసి రాచపుండు పుట్టిస్తారు. దాని మీద వాడు ఆ ఆకు రసం రాస్తాడు. పుండ్లు మానితే దొర వెంట ఓడెక్కుతాడు.

“నువ్వు బోన్లు కడుగన్నా, చాలు. ఈ చదువు నీకు యాడ తలకెక్కుద్ది?” అని పొద్దున నవ్వినాడు.

అందుకే ఈ రాత్రి దీపం, తారు డబ్బా పట్టుకొని వచ్చినా. మానుతున్న పుండ్ల మీద మళ్ళీ తారు పూస్తే వాడి మందు ఉత్తదని తేలిపోతుంది.

ఆ గది తలుపు తీయగానే కిచకిచలు ఆగిపోయినాయి. తారు వాసనకే బోనంతా చిందులు తొక్కే ఎలకలవి. ఈ రాత్రి ఒక్కటీ పారిపోలేదు. నేను కుంచె ముంచేలోపే అన్నీ తీగల దగ్గరికొచ్చి, వరసగా నిలబడి, వీపులు నా వైపు తిప్పినాయి.

“ఏందే, భయం లేదా?” అన్నాను.

మొదటిదానికి పూసినా. అది కదల్లేదు. నా వీపు మీద, చొక్కా లోపల, జిగటగా కుంచె గీసినట్టయింది.

ఇంకా ముప్పైతొమ్మిది ఉండాయి. ఓడ మీద నిలబడిన వరదరాజులు కళ్ళముందు మెదిలినాడు.

కుంచె మళ్ళీ ముంచినా.