గొంతులో బియ్యపుగింజ

“మతిమరుపు ఎప్పటినుంచీ?” అని డాక్టరమ్మ అడగగానే కత్తెరమ్మ అందుకుంది.

“ఏడాదిగా అండీ. ఈయన కొలత చెబుతారు, నేను గుడ్డ కత్తిరిస్తాను. ఇన్నేళ్ళలో వెంట్రుకవాసి తేడా రాలేదు. ఈమధ్య ఒకటి చెప్పబోయి ఇంకోటి చెబుతున్నారు. నిన్న ఒక పెళ్ళికొడుకు ప్యాంటు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది!”

పక్కన కూర్చున్న భర్త తలవంచుకున్నాడు. మొగుడూపెళ్ళాల కుట్టుషాపులో కొలతలు ఆయన చూస్తాడు కాబట్టి వీధివాళ్ళు టేపయ్య అంటారు. కత్తెర ఆమెది. నోరు కూడా కత్తెరేనని గిట్టనివాళ్ళు అంటారు గానీ అది అబద్ధం. మరీ అంత అబద్ధమూ కాదు.

“మీరేమంటారు?” అంది డాక్టరమ్మ ఆయనతో.

“ఆవిడ చెబితే అంతేనండీ.” నోట్లో నాలుక లేని మనిషి.

ఆయనకి పరీక్షలు చేయించేసరికి కత్తెరమ్మ తలప్రాణం తోకకొచ్చింది. సూది చూసి ఆయన వణికిపోతే, “చీమ కుట్టినట్టుంటుంది, చూడండి” అని ముందు తన చెయ్యి చాపింది. స్కానింగ్ గదిలో బిక్కచచ్చిపోతే, ఆ సొరంగంలోకి తనే ముందు వెళ్ళి పడుకుంది. ఆయన వంతు వచ్చేసరికి ఆమె బయట కుళాయి దగ్గర నీళ్ళు తాగుతోంది.

డాక్టరమ్మ స్కాన్ ఫిల్మును లైటు మీద పెట్టింది.

“తప్పు మెదడుది కాదు, మెడది. థైరాయిడ్ వెనకాల బియ్యపుగింజలంత గ్రంథులు నాలుగుంటాయి. పారాథైరాయిడ్ అంటారు. ఒంట్లో కాల్షియాన్ని అదుపులో ఉంచడం వాటి పని. వాటిలో ఒకటి ఉబ్బి, ఎముకల్లోని కాల్షియాన్ని తోడి రక్తంలో పోస్తోంది. అది ఎక్కువైతే రక్తనాళాలు బిగుసుకుంటాయి. మెదడులో ఇదిగో, ఇక్కడ, ఇక్కడ నెత్తురు సరిగా అందడం లేదు.”

“గింజంత దానికి ఇంత పనా!” కత్తెరమ్మ నీళ్ళసీసా ఎత్తి గటగటా తాగింది. “ఇంకేం చేస్తుందండీ అది?”

“దాహం. ఎముకల నొప్పులు. అయినదానికీ కానిదానికీ చిరాకు.”

“చిరాకు మాత్రం లేదండీ. ఈయన ఆవులాంటివారు. నేనెంత కేకలేసినా నవ్వుతారు.”

డాక్టరమ్మ టేపయ్య వైపు చూసింది. ఆయన గోడ వైపు చూశాడు.

“దానికి ఆపరేషన్ చెయ్యాలి,” అంది డాక్టరమ్మ.

“చెయ్యకుండా వదిలేస్తే?” అంది కత్తెరమ్మ.

“మతిమరుపు ముదురుతుంది. అయినవాళ్ళనే పోల్చుకోలేని రోజు రావచ్చు. ఆ గ్రంథి తీసేస్తే చాలామంది తేరుకుంటారు.”

కత్తెరమ్మ భర్త వైపు తిరిగింది. ముప్పై ఏళ్ళు కలిసి బతికి, ఎదురుగా నిలబడితే ఎవరని అడగడమా! జబ్బని తెలియక ఈ మనిషిని షాపులో పదిమంది ముందు తను ఎన్ని మాటలంది!

“చేసెయ్యండి డాక్టరు గారూ. ఆయన కాదన్నా నేను ఊరుకోను.”

“బాగా ఆలోచించుకునే చెబుతున్నారా?”

“నూటికి నూరుపాళ్ళు. గొంతు మీద చిన్న గాటేగా, మానిపోతుంది. మనిషి దక్కాలి.”

డాక్టరమ్మ తలూపింది. నర్సు రోగుల మణికట్టుకు కట్టే పట్టీ తెచ్చింది. టేపయ్య చేతులు ఒళ్ళో దాచుకున్నాడు.

“మళ్ళీ మొదలు! ఇదిగో, ఏమీ కాదు,” అంటూ కత్తెరమ్మ తన చెయ్యి చాపింది. నర్సు పట్టీ బిగించి, “రండమ్మా, మంచం సిద్ధంగా ఉంది,” అంది.

“నాకెందుకమ్మా? తీసి ఆయనకి కట్టు,” అని నవ్వింది కత్తెరమ్మ. ఎవరూ నవ్వలేదు.

టేపయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి ఇప్పుడు వణకడం లేదు, కళ్ళు మాత్రం నిండిపోయాయి.

“కొలతలు మరిచిపోతున్నది నువ్వు. నీ కోసమంటే నువ్వు ఆసుపత్రి గడప తొక్కవని ఇంత నాటకం ఆడానే, ఆపరేషన్ నీకే.”