దొరసాని అన్న మాట

"మెలోడియస్ అంటే ఏందయ్యా?"

ప్రార్థన నుంచి వచ్చి ఇంట్లో అడుగు పెడుతూనే అడిగింది బాలవ్వ. మాట ఎక్కడ జారిపోతుందోనన్నట్టు ఒక్కో అక్షరం కూడబలుక్కుని పలికింది. మొహం వెలిగిపోతోంది.

"ఎవలన్నరు?" యోబు హార్మోనియం కింద పెట్టాడు.

"డాక్టరు దొరసాని. నన్ను పక్కకు పిలిచి నా పాట మెలోడియస్ అన్నది. ఇంగిలీషు ఎరుకైనోనివి నువ్వే గద, చెప్పు."

యోబు సిద్దిపేట మిషన్ దవాఖానలో కాంపౌండరు. పదేళ్లుగా ఆదివారం ప్రార్థనలో పాట ఎత్తుకునేది అతనే. ఇబ్రహీంపూర్ పొలాల్లో నాట్లేస్తూ పెరిగిన అతని భార్య బాలవ్వ ఈ మధ్యే గొంతు కలుపుతోంది. ఆ పొద్దున దొరసాని తనకు వచ్చిన తెలుగులో అందరి ముందూ చెప్పేసింది: "క్రిస్మస్ దినమున బాలవ్వ ముందు నిలువవలెను. ఆమె ఎత్తుకొనవలెను."

అది ఇంకా యోబు గుండెలో ముల్లులా మెదులుతూనే ఉంది.

"గా మాటనా? ఒక్కతీరుగ సాగదీస్తవని. ఇనెటోల్లకు ఇసుగొస్తదని. పెద్దమనిషి గద, మెత్తగ చెప్పింది."

బాలవ్వ అతని మొహంలోకి కాసేపు చూసింది.

"అట్లనా," అని లోపలికి పోయి పొయ్యి ముట్టించింది.

క్రిస్మస్ నాడు ఆమె వెనక వరసలో నోరు మెదపకుండా నిలబడింది. ఆ తర్వాత ఎక్కడా పాడలేదు. మరుసటేడు పుట్టిన బిడ్డను ఊపేటప్పుడు ఊయల తాడు కిర్రుమనేదే తప్ప జోల వినిపించలేదు. యోబు మొదట ఊరటపడ్డాడు. పోనుపోను ఆ నిశ్శబ్దానికి భయపడ్డాడు. రేపు చెబుదాం, పండగ పోయాక చెబుదాం అనుకుంటూనే తొమ్మిదేళ్లు దొర్లించేశాడు.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు, దొరసాని తన దేశానికి వెళ్లిపోతూ చెప్పిపోవడానికి వచ్చింది.

"బాలవ్వా, ఒక్క పాట. నాతో తీసుకొనిపోతాను."

"రాదమ్మా. మర్చిపోయిన."

బండి ఎక్కబోతూ దొరసాని యోబును అడిగింది: "అంత మంచి గొంతుకు ఏమి అయినది?"

బండి మలుపు తిరిగాక అతను వచ్చి, చిక్కుడుకాయలు తుంచుతున్న భార్య ఎదుట కూలబడ్డాడు.

"నీకు అబద్ధం చెప్పిన బాలవ్వా. మెలోడియస్ అంటే ఇంపుగ, తియ్యగ ఉన్నదని. గ్రీకుల నుంచి వచ్చిన మాట అని బడిల మా సారు చెప్పిండు. ముందటి సగానికి పాట అని, ఎనుక సగానికి పాడుడు అని అర్థమట. మాట నిండ పాటనే. గదంత ఎరుకుండి గూడ... నన్ను ఎనుకకు నెడ్తరని ఓర్వలేకపోయిన. తిట్టు, కొట్టు, ఏమన్న అను."

బాలవ్వ చేతులు ఆగలేదు.

"అర్థం నాకు నాడే ఎరుక."

యోబు తలెత్తాడు. "ఎట్ల?"

"మెలోడియస్ అన్నది, ఎంబడే తెలుగుల చెప్పింది దొరసాని. తియ్యగ పాడినవన్నది."

"మరి ఎరుకైనంక నన్నెందుకు అడిగినవే?"

అప్పుడు ఆగాయి ఆమె చేతులు.

"నీ నోట ఇనాలని."