కిటికీ పక్క మంచం

ఆశ్రమానికి వచ్చిన మూడో రోజే రాయమల్లు ఇబ్రాహీం చాచా పరుపు ఎత్తి కింద పడేశాడు.

తన దుప్పటి తెచ్చి ఆ మంచం మీద పరుచుకుని, కాళ్లు బారజాపి పడుకున్నాడు.

"గీ మంచం ఇప్పటి సంది నాది" అన్నాడు.

లక్సెట్టిపేటలోని ఆ వృద్ధాశ్రమంలో మగవాళ్ల హాలుకు ఉన్నది ఒక్కటే కిటికీ. గోదావరి గాలి నేరుగా అందులోంచే వస్తుంది. దాని పక్క మంచం రెండేళ్లుగా ఇబ్రాహీం చాచాది.

వార్డెన్ వనజ పరుగున వచ్చింది.

"ఏంది తాతా గీ దౌర్జన్యం? లే!"

"లేవ."

"గాలి నీ ఒక్కనికే గావాల్నా?"

"గీడ ఎవ్వరు పండుకోవద్దు బిడ్డా. కప్పు మంచిగ లేదు."

వనజ తలెత్తి చూసింది. పోయిన నెలే సున్నం వేయించింది. పాలలా తెల్లగా ఉంది. పగులు లేదు, చెమ్మ లేదు.

"మంచిగ లేకుంటే మరి నువ్వెట్ల పండుకుంటున్నవ్?"

"నాది వేరు."

ఆ మాటకు ఆమెకు ఒళ్లు మండింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా! పోలీసులు బస్టాండులో చూసి తెచ్చి అప్పగించిన మనిషి. నా అన్నవాళ్లు లేరన్నాడు. ఏం పని చేసేవాడివంటే, ఏదో కూలి అన్నాడు. అలాంటివాడికి ఇంత పొగరా!

"మంచాన్ని వసారల ఏపియ్యి. గీ జాగ ఖాళీగ ఉంచు. లేస్త" అన్నాడు రాయమల్లు.

"వసారల కుదరది."

అది వనజ పెట్టిన నియమం. నిరుడు హనుమండ్లు తాత వసారా మెట్ల మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అప్పటి నుంచి ఒక్క మంచం కూడా బయట వేయనివ్వదు. స్నానాల గదిలో రబ్బరు చాపలు వేయించింది. గోడల పొడుగునా పట్టుకోవడానికి కడ్డీలు పెట్టించింది. తన చేతి కింద ఉన్న ఏ ముసలి ప్రాణానికీ ఏమీ కాకూడదు, అదే ఆమె పంతం. ఇక హాల్లో పదకొండు మందికి పదకొండు మంచాలు, మధ్య జానెడు సందు. ఖాళీగా వదలడానికి జాగా ఎక్కడిది?

బతిమాలి, బెదిరించి, సాయంత్రానికి ఆ మంచం చాచాకు ఇప్పించింది.

తెల్లారి చాచా నమాజుకు లేచి వెళ్లి వచ్చేసరికి రాయమల్లు మళ్లీ అక్కడే ఉన్నాడు. చేసేది లేక చాచా, పక్కనే ఖాళీ అయిన రాయమల్లు పాత మంచం మీద సర్దుకున్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. రాయమల్లు దోమతెర కర్ర పట్టుకుని, మంచమెక్కి, పైకప్పును కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టడం, చెవి రిక్కించడం, ఇంకోచోట కొట్టడం. ఆ రోజూ అంతే, మర్నాడూ అంతే.

"బేటీ, ఆయన్ని జర ఆపు. చెవుల జోరీగ లెక్క ఒకటే చప్పుడు. అందరం పరేషాన్ అయితున్నం" అన్నాడు చాచా.

వనజ కర్ర లాక్కుని సామాన్ల గదిలో పెట్టి తాళం వేసింది.

"ఒక్కసారి ఇను బిడ్డా. కండ్లతోని చూస్తె తెల్వది."

"నీ పంచాయితీ ఇనుడేనా నా పని? రేపు చాచా మంచం చాచాకు ఇయ్యకుంటే మళ్ల పోలీసోళ్లకే ఒప్పజెప్త."

రాయమల్లు ఆమె ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. పంపేస్తారనే భయం కాబోలు అనుకుంది వనజ. దారికి వస్తున్నాడని లోలోపల సంతోషపడింది కూడా.

ఆ మధ్యాహ్నమే, అన్నాలు తిని అందరూ నడుం వాల్చిన వేళ, హాల్లోంచి పెద్ద చప్పుడు వచ్చింది.

వనజ వెళ్లేసరికి అంతా దుమ్ము. అందరూ దగ్గుతున్నారు. కిటికీ పక్క మంచం కనిపించలేదు, దాని మీద పడ్డ స్లాబు పెచ్చులే కనిపించాయి. పక్క మంచం మీద ఇబ్రాహీం చాచా తల నుంచి కాళ్ల దాకా సున్నంతో కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు.

రాయమల్లును బయటికి తీసేసరికి ప్రాణం లేదు.

పైన పటారం, లోన లొటారం. ఆ తెల్లటి సున్నం వెనక ఇనుము తుప్పుపట్టి, సిమెంటు పొరలుగా విడిపోయి ఉంది. సరిగ్గా ఆ మంచం మేరకే. మిగతా కప్పు గట్టిగానే ఉందన్నారు చూడటానికి వచ్చినవాళ్లు.

వనజకు ఏడుపు కూడా రాలేదు. కళ్లు మూస్తే చాలు, రాయమల్లు చూసిన ఆ చూపే ఎదురొస్తోంది.

"మూడొద్దులు ఆయనతోని మాట్లాడలే బేటీ. నా చావు ఆయనకెందుకు వొయ్యె?" అని చాచా పగలంతా అదే మాట అంటున్నాడు.

ఫోన్లలో తిరిగిన రాయమల్లు ఫొటో చూసి, రెండో రోజు మందమర్రి నుంచి గంగయ్య అనే పెద్దాయన వచ్చాడు. హాలు గుమ్మం దగ్గర ఆగి, తలెత్తి కప్పంతా చూసి, ఆ తర్వాతే లోపల అడుగుపెట్టాడు.

"పెండ్లాం ఐలవ్వ సచ్చిపోయినంక ఇల్లిడిచి ఎటో పోయిండు. ఏడాది సంది దేవులాడుతున్నం" అన్నాడు.

"ఏం పని జేసేటోడు?"

"మా బొగ్గుబాయిల ముప్పై ఏండ్లు జేసిండు. అందరికంటె ముందుగాల ఒక్కడే లోపలికి వోయి, కట్టెతోని కప్పు కొట్టి ఇనేటోడు. ఖంగుమంటే మంచిది, డొల్ల చప్పుడొస్తే కూలుతది. ఆయన మంచిగుందంటేనే మేం కిందికి దిగేది. గా పని జేసేటోన్ని సర్దార్ అంటరు. ఆయన మంచిదన్న కప్పు ఒక్కనాడు గూలలే."

వనజ తలెత్తి, పెచ్చులూడిన కప్పు వైపు చూసింది.

"కూలుతదని తెలిసి, తనెందుకు పండుకున్నడు? బయటికి పోవచ్చుగదా?"

గంగయ్య ఆ మంచాల వరస వైపు చూశాడు.

"ఆయన గాక, లోపల ఇంకెంతమంది ఉండిరి?"

"పది మంది."

"పది మంది లోపలుండంగ సర్దార్ బయటికెట్లస్తడు బిడ్డా?"