బండివాడి వీపు

పగటి వెలుతురు పడకుండా కిటికీకి దుప్పటి కట్టి, బోధన్‌లోని ఇంట్లో లిడియా మట్టి బొమ్మలతో సినిమా తీస్తోంది. బొమ్మను ఇసుమంత జరపాలి, ఫొటో తీయాలి; ఆ ఫొటోలు వరసగా ఆడిస్తే బొమ్మ నడుస్తుంది. ఫొటోకు ముందు మట్టి మీద పడ్డ వేలిముద్రలు తుడవాలి. లేకపోతే తెర మీద బొమ్మ ఒళ్లంతా పురుగులు పాకినట్టు కనిపిస్తుంది.

ఎద్దులు కదిలాయి. చెరుకు బండి కదిలింది. పక్కన బండివాడు మాత్రం నిలబడే ఉన్నాడు.

లిడియా చాయ్ తెచ్చేసరికి అత్త ఎల్లవ్వ నూనె వేలితో బండివాడి వీపు రుద్దుతోంది.

"గీయన ఈపు నిండ ఏలిముద్రలే ఉన్నయ్ బిడ్డా. మర్సిపోయినట్టున్నవ్. నున్నగ జేసిన."

లిడియా గ్లాసు కింద పెట్టి, బొమ్మను లైటు కింద తిప్పి చూసింది. ఒక్క గీత కూడా మిగల్లేదు.

"మంచిగ తుడిసినవ్ అత్తమ్మా."

"ఇగ నడిపియ్యి మరి. ఎన్నాళ్ల సందో నిలవడ్డడు."

ఆ ముద్రలు ఎల్లవ్వ కొడుకువి. పోయిన ఎండాకాలం ఆస్పత్రికి పోయే ముందు, భార్యకు సాయంగా ఆ ఒక్క బొమ్మ చేసి పెట్టాడు. తిరిగి రాలేదు.

లిడియా బండివాడి కాలు కొంచెం ముందుకు జరిపింది. మట్టి మీద ఆమె బొటనవేలి ముద్ర పడింది. తుడిచి, ఫొటో తీసింది.